కొండ మీద ధర్మరథాలకు డ్రైవర్ అక్కర్లేదా?

కొర్లగుంట కుర్రోడు:
సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో 2025 ఆగస్టు నుంచి డ్రైవర్ లేని ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. 6 సీట్లది, 14 సీట్లది. అక్కడే డ్రైవర్ లేని వాహనాల మీద పరిశోధన చేసే తిహాన్ కేంద్రం వాళ్లే తయారు చేశారు. తిరుమలలో భక్తులను తిప్పే ధర్మరథం బస్సులు ఎటూ ఉచితం, 2023లో ఎలక్ట్రిక్ బస్సులూ వచ్చాయి. రూటు రోజూ అదే, స్పీడూ తక్కువే. వాటిని ఇలా నడిపితే తప్పేంటి? ఘాట్ రోడ్డు గురించి అడగట్లేదు, కొండ మీద మాత్రమే.

రిటైర్డ్ స్టీరింగ్:
ఘాట్ ఊసెత్తలేదు, బతికించావు నాయనా. మొన్న రాంభగీచా దగ్గర ధర్మరథం ఎక్కినా. గుండుకు చందనం పూసుకున్న ఒక ముసలామె రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తింది. అక్కడ స్టాపు లేదు. అయినా డ్రైవర్ ఆపాడు. "మావాళ్లు ఏదో కాటేజీ అన్నారు, పేరు మర్చిపోయినా" అనింది. చేతిలో గది తాళం ఉంది. దానికున్న బిళ్ల తిప్పి చూసి, ఎక్కమన్నాడు. నీ బస్సు ఆ బిళ్ల చదువుతుందా?

కోడింగ్ కపిల:
మామా, బిళ్ల చదవడానికి శ్రీవారి సేవకుల్లో ఒకరిని బస్సులో పెడితే సరిపోతుంది. డ్రైవింగ్ వేరు, దారి చెప్పడం వేరు. అలాంటి బస్సుకుండే లైడార్ అనే సెన్సర్ లేజర్ కిరణాలు వదిలి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎదురున్నది ఎంత దూరమో లెక్కేస్తుంది. తెల్లవారుజామున దానికి కునుకు పట్టదు.

రిటైర్డ్ స్టీరింగ్:
చలికాలంలో మంచు కమ్మితే?

కోడింగ్ కపిల:
అది నిజమే. దట్టమైన మంచులో లేజర్ చెదిరిపోతుంది. రాడార్ కూడా ఉండాలి.

తిరుచానూరు వదిన:
సేవకుడిని పెట్టాక మిగిలేదేముంది కపిలా? స్కాట్లాండ్‌లో 2023 మేలో ఫోర్త్ వంతెన మీదుగా ఎడిన్‌బరో వైపు ఇలాంటి బస్సులే వేశారు. సీట్లో సేఫ్టీ డ్రైవర్, లోపల ఇంకో మనిషి. డ్రైవర్ లేని బస్సుకు ఇద్దరు! ఎక్కేవాళ్లు చాల్లేదని 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. (తిరుమలలో ఆ బాధ రాదులే.) నాకు ఎక్కువ భయం వేసింది టోక్యో సంగతికి. 2021 పారాలింపిక్స్ క్రీడాగ్రామంలో టొయోటా బస్సు, చూపు సరిగా లేని జూడో ఆటగాడిని రోడ్డు దాటుతుంటే తగిలింది. లోపల ఆపరేటర్ ఉండి కూడా. పాపం, ఆయన పోటీకే దిగలేకపోయాడు. మన కొండకు చూపు ఆనని పెద్దవాళ్లు ఎంతమంది వస్తారో చూడండి.

కొర్లగుంట కుర్రోడు:
వదినా, మనుషులు నడిపే బస్సులు ఎవరినీ తగలట్లేదా? 2017లో లాస్‌వెగాస్‌లో మొదటిరోజే డ్రైవర్ లేని షటిల్ బస్సుకు ప్రమాదం అని గోల చేశారు. రివర్స్‌లో వస్తున్న లారీని చూసి షటిల్ బుద్ధిగా ఆగింది, లారీనే వచ్చి గుద్దింది. ఫైన్ కూడా లారీ డ్రైవర్‌కే పడింది.

రిటైర్డ్ స్టీరింగ్:
ఆగి ఊరికే నిలబడింది, అంతే కదా? మన డ్రైవరైతే హారన్ కొట్టి, వెనక ఖాళీ ఉంటే నాలుగడుగులు వెనక్కి తీసేవాడు. ఎవరు తప్పు చేశారనేది పోలీసుల లెక్క. దెబ్బ తగలకుండా చూడటం డ్రైవర్ లెక్క.

తిరుచానూరు వదిన:
ఉద్యోగాలు పోతాయని గడ్కరీ గారు 2023లో కూడా డ్రైవర్ లేని కార్లు రానివ్వనన్నారు. ఆ టెన్షన్ సరే, కేసు ఎవరి మీద రాస్తారు? లైసెన్స్ ఉండేది మనిషికే కదా.

కొర్లగుంట కుర్రోడు:
సరే, పగలు వద్దు. రాత్రి 12 నుంచి 4 దాకా, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క బస్సు వేసి చూస్తే?

రిటైర్డ్ స్టీరింగ్:
ఖాళీ అని ఎవరన్నారబ్బా? గదులు దొరకనోళ్లు రోడ్డు అంచున దుప్పటి కప్పుకుని పడుకుంటారు. కాళ్లు రోడ్డు మీదికే ఉంటాయి.

కోడింగ్ కపిల:
కాళ్లను చూస్తే బస్సు ఆగుతుంది మామా. అవి పక్కకు జరిగేదాకా కదలదు.

రిటైర్డ్ స్టీరింగ్:
మరి వాళ్లను లేపేదెవరు?