తణుకు చెరకు రోజుల గురించి తెలిసినవారు చెప్పగలరా?

గోస్తనీ ఒడ్డున ఉన్న మా తణుకు పట్టణం గురించి ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు మరికొందరితో కలిసి ఇక్కడ ఆంధ్రా సుగర్స్‌ను నెలకొల్పారనీ, పంచదారతో మొదలైన ఆ సంస్థే తరువాత ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారుచేసిందనీ కాగితాల్లో దొరుకుతోంది గాని, నాకు కావలసినది రైతుల మాట. చిన్నప్పుడు చెరకు బండి వెనుక నుంచి మేము గడ లాగుతుంటే, బండివారు చూసీ చూడనట్లు ఊరుకొనేవారు (ఆ గడ రుచి వేరు). ఆ రోజుల్లో తోటకు జడచుట్లు (గడలు పడిపోకుండా ఆకులతో కలిపి కట్టే కట్లు) ఎన్నిసార్లు వేసేవారు? కార్శి తోటను (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే తోటను) ఎన్నేళ్ళు ఉంచేవారు? తూకం చీటీ చేతికి వచ్చేవరకు బండ్లు ఎక్కడ ఆగేవి? ఇంట్లో పెద్దలను అడిగి, ఊరి పేరుతో సహా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.