ఓటు అక్కర్లేనప్పుడు సెనేటర్ పోకాక్ మాటకు విలువెంత?

తెనాలి–టగ్గెరనాంగ్:
2022 ఎన్నికల తర్వాత ఆస్ట్రేలియా సెనేట్ లెక్క చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొత్తం 76 మంది. ప్రభుత్వం నడిపే లేబర్ పార్టీకి 26, గ్రీన్స్ పార్టీకి 12, కలిపితే 38. బిల్లు గట్టెక్కాలంటే 39 కావాలి. ఆ ఒక్క ఓటు కోసం ప్రభుత్వం మన క్యాన్‌బెర్రా ఇండిపెండెంట్ డేవిడ్ పోకాక్ గడప తొక్కక తప్పలేదు. 2025 ఎన్నికలయ్యాక ఆ అవసరం పోయింది. లేబర్‌కు 29, గ్రీన్స్‌కు 10. వాళ్లిద్దరూ చేతులు కలిపితే చాలు. మరి ఇప్పుడాయన సభలో లేచి ఎంత మాట్లాడితే మాత్రం ఏం ఒరుగుతుంది? క్యాన్‌బెర్రా ఉన్న మన క్యాపిటల్ టెరిటరీకి ఉన్నవే రెండు సెనేట్ సీట్లు. అందులో ఒకటి మాటలకే పరిమితమైతే మనకు నష్టం కాదా? రెండుసార్లూ ఆయనకే ఓటేసినవాణ్ని, అందుకే అడుగుతున్నా.

పారమట్టా కొట్టు:
నష్టమే. పార్లమెంటులో ఏదైనా తేలేది ఓటింగ్‌కు పిలిచే బెల్స్ మోగినప్పుడే. నాలుగు నిమిషాలు మోగుతాయి, తలుపులు వేస్తారు, ఒప్పుకునేవాళ్లు ఒక వైపు, కాదనేవాళ్లు ఇంకో వైపు కూర్చుంటారు, తలలు లెక్కపెడతారు. అంతకుముందు ఎవరు ఎంత బాగా మాట్లాడారో ఆ లెక్కలోకి రాదు. ఇండిపెండెంట్ స్పీచ్ క్లిప్పు వాట్సాప్‌లో తిరుగుతుంది, చట్టంలో ఒక్క అక్షరం మారదు.

గంగాలిన్ వాసి:
అక్షరం మారలేదా? 2025 సెప్టెంబరులో ఏం జరిగిందో చెప్తాను. పెద్దవాళ్లకు ఇంటికే వచ్చి సాయం చేసే హోమ్ కేర్ ప్యాకేజీలు 83,000 కొత్తగా ఇస్తామన్నారు. జూలై 1న రావాల్సిన ఏజ్‌డ్ కేర్ చట్టాన్ని నవంబరు 1కి వాయిదా వేశారు. దాంతోపాటే ప్యాకేజీలూ ఆగిపోయాయి. అప్రూవ్ అయ్యి ఎదురుచూసేవాళ్లే లక్షకు పైగా ఉన్నారు. అసెస్‌మెంట్ కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకో లక్షకు పైగా. ఈ రెండో అంకె సెనేట్ కమిటీలో అధికారులను కూర్చోబెట్టి అడిగితేనే బయటికొచ్చింది. 20,000 ప్యాకేజీలు వెంటనే వదలాలని పోకాక్ పట్టుబట్టారు. ప్రతిపక్ష కూటమి కోయలిషన్, గ్రీన్స్ కూడా కలిశాయి. ప్రభుత్వం దిగొచ్చింది. ఓటు అక్కర్లేని మనిషి మాట మీద ఎందుకు దిగొచ్చిందంటారు?

మా అత్తగారికి తుంటి ఎముక విరిగింది. స్నానం చేయించడానికి, మంచం మీంచి లేపడానికి మనిషి కావాలి. అప్రూవల్ లెటర్ వచ్చింది, మనిషి రాలేదు. ఆ లెటర్ మా ఫ్రిజ్ తలుపు మీద పిల్లల స్కూల్ క్యాలెండర్ పక్కనే అంటించి ఉంది, రోజూ ఉదయం కనిపిస్తుంది. నేను ఉద్యోగం పార్ట్ టైమ్‌కు మార్చుకున్నా. మా గురించి సభలో అడిగినవాళ్లు ఉన్నారన్నది నాకు చిన్న విషయం కాదు.

పారమట్టా కొట్టు:
మీ అత్తగారు త్వరగా కోలుకోవాలి అమ్మా. కానీ ఒక్క మాట. ఆ 20,000 కొత్తవి కావు. 83,000లోంచే ముందుకు జరిపారు.

గంగాలిన్ వాసి:
ముందుకు జరపమనే కదా అడిగింది. ఎనభై దాటినవాళ్లకు రెండు నెలల ముందు రావడం అంటే ఏమిటో తెలుసా?

పారమట్టా కొట్టు:
తెలుసు. నేనడిగేది వేరు. మొత్తం సంఖ్య పెరిగిందా, లేదా? పెరగలేదు. మీరేమో పోకాక్ 20,000 తెచ్చినట్టు రాస్తున్నారు.

గంగాలిన్ వాసి:
తెచ్చారని నేను ఎక్కడా రాయలేదు, పైన చూడండి. వదలాలని పట్టుబట్టారన్నాను.

పారమట్టా కొట్టు:
రెండూ ఒకటే. చదివేవాళ్లకు కొత్తవి వచ్చాయనే అనిపిస్తుంది.

బెజవాడ బాబాయ్:
మన దగ్గరా ఇదే వాదన. 1985లో ఎన్టీఆర్ శాసనమండలి తీసేశారు, 2007లో మళ్లీ వచ్చింది. టీచర్, గ్రాడ్యుయేట్ సీట్ల నుంచి టీచర్ల సంఘాలు నిలబెట్టే పీడీఎఫ్ వాళ్లు గెలిచి వెళ్లి సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతి రద్దు గురించి అడుగుతూనే ఉన్నారు. వాళ్ల ఓట్లతో ఏ బిల్లూ పడిపోలేదు. అయినా మా టీచర్లకు వాళ్లు కావాలి. మా గోడు మండలి రికార్డుకెక్కుతుంది.

పారమట్టా కొట్టు:
బాబాయ్ గారూ, మండలిని ఇందులోకి తేవద్దు. అక్కడ బిల్లును కొన్ని నెలలు ఆపడం తప్ప ఏమీ చేయలేరు. ఇక్కడి సెనేట్ బిల్లును పూర్తిగా తిప్పికొట్టగలదు. అందుకే ఇక్కడ ఓటుకు అంత ధర.

హోబార్ట్ వాసి:
ధర సంగతి టాస్మేనియా వాళ్లను అడగండి. బ్రయాన్ హారడీన్ మా ఇండిపెండెంట్ సెనేటర్, 1975లో గెలిచి 2005 దాకా ఉన్నారు. 1996లో ప్రభుత్వ టెలిఫోన్ కంపెనీ టెల్‌స్ట్రాలో మూడో వంతు అమ్మకానికి ఓటిచ్చి మా రాష్ట్రానికి నిధులు రాబట్టారు. 2019లో మా ఇంకో సెనేటర్ జాకీ లాంబీ పన్ను కోతలకు ఓటిచ్చి టాస్మేనియా హౌసింగ్ అప్పు మాఫీ చేయించారు. కానీ నాకు హారడీన్ గుర్తుండేది 1999 మే నెలతో. జీఎస్టీ బిల్లుకు ఆయన ఓటు కోసం ప్రధాని హోవర్డ్ ప్రభుత్వం ఎదురుచూస్తుంటే, సభలో లేచి తన వల్ల కాదని చెప్పేశారు. ప్రభుత్వం డెమోక్రాట్లు అనే చిన్న పార్టీ దగ్గరికి వెళ్లింది. వాళ్లు తిండి సరుకుల మీద పన్ను తీయించారు. ఈరోజుకీ బియ్యం, పప్పు, కూరగాయలు జీఎస్టీ లేకుండా కొంటున్నామంటే దానికి అదే మొదలు.

పారమట్టా కొట్టు:
మీరు చెప్పిన ప్రతి ఉదాహరణలోనూ పని చేసింది మాట కాదు, ఓటు. చేతిలో ఓటుంది కాబట్టే ఆయన కాదంటే ప్రభుత్వం వేరే తలుపు తట్టింది.

తెనాలి–టగ్గెరనాంగ్:
జూదం ప్రకటనల సంగతి చూడండి. లేబర్ ఎంపీ పీటా మర్ఫీ నడిపిన పార్లమెంటు కమిటీ 2023 జూన్‌లో 31 సిఫార్సులు చేసింది. మూడేళ్లలో దశలవారీగా ఆన్‌లైన్ జూదం ప్రకటనలన్నీ ఆపాలని అందులో ఉంది. అది బల్ల మీదే మూలుగుతోందని పోకాక్ ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. అడిగినంతలో అయిపోతే ఎప్పుడో అయిపోయేది.

గంగాలిన్ వాసి:
మీరిద్దరూ ఒకే లెక్క పట్టుకుని కూర్చున్నారు. లేబర్, గ్రీన్స్ కలిస్తేనే ఆయన ఓటు అక్కర్లేదు. విడిపోతే? కోయలిషన్‌కు 27, గ్రీన్స్‌కు 10, మొత్తం 37. ఇంకో ఇద్దరు కావాలి. ఏ విషయం మీదా ఒప్పుకోని ఆ రెండు పక్షాలూ ఒక సవరణ దగ్గర కలవాలంటే, రెండింటికీ చెందని మనిషి దాన్ని అడగాలి. హోమ్ కేర్ విషయంలో అదే జరిగింది. ప్రభుత్వ బోర్డుల్లో అయినవాళ్లకు పదవులు ఇస్తున్నారన్న దాని మీద రాయించిన రిపోర్టును ప్రభుత్వం బయటపెట్టనన్నప్పుడూ అంతే. పోకాక్ తీర్మానంతో 2025 అక్టోబరులో సెనేట్ క్వశ్చన్ టైమ్‌ను పొడిగించి మంత్రులను కూర్చోబెట్టింది. తర్వాత ఆ రిపోర్టు బయటికొచ్చింది.

పారమట్టా కొట్టు:
మంత్రులు కాసేపు ఎక్కువ కూర్చున్నారు. నాకేం వచ్చింది?

గంగాలిన్ వాసి:
అన్నిటికీ మీకేం వచ్చిందనే అడుగుతారా?

పారమట్టా కొట్టు:
అడుగుతాను. ఎందుకంటే నా నుంచి పోయింది. నాకు సిడ్నీలోని పారమట్టాలో ఒక కొట్టు, బ్లాక్‌టౌన్‌లో ఒకటి. రెండింట్లో కలిపి 23 మంది. 2022 డిసెంబరులో సెక్యూర్ జాబ్స్ చట్టం వచ్చింది. చాలా కంపెనీలను కలిపి ఒకే జీతాల ఒప్పందంలోకి తెచ్చే వీలు అందులో ఉంది. చిన్న వ్యాపారాల మినహాయింపును 15 మందికి లోపు అని రాస్తే, పోకాక్ బేరమాడి 20కి లోపు అని మార్పించారు. చాలామందికి మేలు జరిగిందన్నారు. గీతకు ఇవతల నేను మిగిలిపోయాను. అప్పటి నుంచి టెన్షన్. ఇంకో మనిషిని పెట్టుకోవాలన్నా అకౌంటెంట్‌ను అడగాలి, లాయర్‌ను అడగాలి. ఆ గీత గీసిన మనిషికి నేను ఓటు వేయలేను, ఓడించనూ లేను.

గంగాలిన్ వాసి:
ఆ బేరంలోనే బడ్జెట్‌కు ముందు పేదల భృతి మీద సలహా ఇచ్చే కమిటీ వేయించారు. 2023లో ఆ కమిటీ జాబ్‌సీకర్ అనే నిరుద్యోగ భృతి బాగా పెంచాలంది, ప్రభుత్వం రెండు వారాలకు 40 డాలర్లు పెంచింది. అదీ చెప్పండి. ఇంకా సూటిగా అంటాను. నేను వచ్చిన కొత్తలో మనవాళ్ల రెస్టారెంట్‌లోనే పనిచేశాను. చట్టం ప్రకారం ఇవ్వాల్సిన కనీస జీతం, అదే అవార్డు రేటులో సగం, అదీ కవరులో పెట్టి. సూపర్, అంటే రిటైర్మెంట్ పొదుపు, లేదు. అడిగితే వీసా గుర్తు చేసేవాడు. ఆ చట్టం కొట్ల యజమానులకు ఇబ్బందిగా ఉందంటే నాకు బాధ కలగదు.

పారమట్టా కొట్టు:
నన్ను వాడితో కలిపేస్తున్నారా? నా దగ్గర ప్రతి మనిషికీ పేస్లిప్ ఉంది, సూపర్ ఉంది. మొహం కూడా చూడని వాణ్ని దొంగ అనడానికి మీకు నోరెలా వచ్చింది?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. మనుషుల మీదికి పోవద్దు.

గంగాలిన్ వాసి:
మిమ్మల్ని అనలేదు. మీ దగ్గర పనిచేసే 23 మంది కూడా మనుషులే, వాళ్లకూ సభలో ఒకరుండాలి అంటున్నాను.

పారమట్టా కొట్టు:
ఉండాలి. కానీ వాళ్లూ నాలాగే న్యూ సౌత్ వేల్స్ వాళ్లు, పోకాక్‌కు ఓటేసినవాళ్లు కాదు. 85 లక్షల మందికి మాకు 12 మంది సెనేటర్లు. ఒక్కొక్కరికి ఏడు లక్షలు. క్యాన్‌బెర్రాలో మీకు 4.7 లక్షలకు ఇద్దరు. టాస్మేనియాలో 5.7 లక్షలకు 12 మంది. నేను మా సెనేటర్లకు రాస్తే పార్టీ ఆఫీసు అచ్చేసిన జవాబు వస్తుంది. మీరు రాస్తే మీ మాట సవరణ అవుతుంది. నా కడుపుమంట ఇదీ.

గంగాలిన్ వాసి:
ఇది మొదటే చెప్పి ఉండాల్సింది. అయితే మా మంట కూడా వినండి. 1995లో నార్తర్న్ టెరిటరీ స్వచ్ఛంద మరణం చట్టం చేసుకుంటే, 1997లో ఫెడరల్ పార్లమెంటు దాన్ని కొట్టేసింది. రెండు టెరిటరీలూ మళ్లీ అలాంటి చట్టం చేయకుండా చేతులు కట్టేసింది. అందులో ఓటేసిన మీ రాష్ట్రం సెనేటర్లను మేం ఎన్నుకున్నామా? అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేసుకున్నాక కూడా మా వాళ్లకు హక్కు లేకపోయింది. మా పాత సెనేటరే ఆ మార్పుకు అడ్డంగా ఉండేవారు. 2022లో ఆయన్ను ఓడించి పోకాక్ వెళ్లారు, ఆ డిసెంబరులోనే నిషేధం పోయింది. బిల్లు తెచ్చింది లేబర్ ఎంపీలు, కాదనను. కానీ అంతకుముందు అడ్డుపడిన ఆ సీట్లోంచే దానికి మద్దతుగా లేచిన గొంతు ఆయనది. 2025 నవంబరు 3న ఇక్కడ చట్టం అమల్లోకి వచ్చింది. మాకు ఓటేయనివాళ్లు మా బతుకుల్ని పాతికేళ్లు నిర్ణయించారు.

హోబార్ట్ వాసి:
రాష్ట్రాలకు సమాన సీట్లు అన్నది 1901 నాటి ఒప్పందం. దాన్ని పోకాక్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

పారమట్టా కొట్టు:
ఆయన నెత్తిన రుద్దడం లేదు. మాకూ అలాంటివాడు ఎందుకు లేడని అడుగుతున్నా.

గంగాలిన్ వాసి:
నిలబెట్టండి. మా దగ్గర గెలవాలంటే మూడో వంతు ఓట్లు రావాలి. మీకు 14.3 శాతం చాలు.

పారమట్టా కొట్టు:
85 లక్షల మంది ఉన్న రాష్ట్రంలో 14 శాతం ఓట్లు తెచ్చుకోవాలంటే పార్టీ కావాలి, డబ్బు కావాలి. సరే, ఒకడు నిలబడ్డాడనుకుందాం. ఆ 20 మంది గీతను 50 చేయాలని సభలో లేచి చెప్తానంటే నా ఓటు వాడికే, వాడి చేతిలో 39వ ఓటు ఉన్నా లేకపోయినా.

గంగాలిన్ వాసి:
చెప్పనివ్వండి. ఆ 50కి వ్యతిరేకంగా నేను మా సెనేటర్‌కు రాస్తాను.