'కుమ్మక్కు' అంటే సరిపోతుందా?

ప్రశ్న: గచ్చిబౌలిలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. పరిశ్రమల అర్థశాస్త్రంలో డేటాతో చేసే పేపర్ ఒకటుంది. కంపెనీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే, ఎదుటివాడి రేటు చూసి తమ రేటునూ పైనే ఉంచితే 'టాసిట్ కొల్యూజన్' అంటారు. తెలుగు సారాంశంలో 'కుమ్మక్కు' అని రాశాను గానీ మనసొప్పడం లేదు. ఇంకేమనొచ్చండీ?

జవాబు: ఒప్పకపోవడం సబబే. ఉర్దూలో 'కుమక్' అంటే సాయం, యుద్ధంలో అదనంగా వచ్చే సేన. మన 'కుమ్మక్కు'కి మాత్రం చాటుమాటు బేరం వాసన అంటుకుంది. టెండర్లలో కాంట్రాక్టర్లు 'రింగయ్యారు' అంటాం, మద్యం వ్యాపారులు 'సిండికేట్ అయ్యారు' అంటాం, రాజకీయాల్లో అయితే 'లోపాయికారీ ఒప్పందం'. వీటన్నిటికీ నలుగురు ఒక గదిలో కూర్చోవాలి. మీరు చెప్పేదాంట్లో ఆ గదే లేదు.

ఆర్థికవేత్త రాబర్ట్ పోర్టర్ 1983 పరిశోధనా పేపర్ చదివే ఉంటారు. షికాగో నుంచి అట్లాంటిక్ తీరానికి ధాన్యం మోసే రైల్వే కంపెనీలు 1880–86 మధ్య రేట్లు కూడబలుక్కుని పెట్టుకున్నాయి. ఇలాంటి కూటములను నిషేధించే షెర్మన్ చట్టం అమెరికాలో వచ్చింది 1890లో, కాబట్టి దాచాల్సిన పనే లేదు. అది కుమ్మక్కు కాదు, బాహాటమైన కూటమి. గ్రేట్ లేక్స్ అనే అక్కడి పెద్ద సరస్సుల్లో ధాన్యం మోసే ఓడలు తిరిగే రోజుల్లో రైళ్లకు గిరాకీ తగ్గేది, ఆ సరస్సులు గడ్డకడితే పెరిగేది. ఆ తేడాను ఆధారం చేసుకుని, కూటమి నిలబడిన వారాలేవో, ధరల యుద్ధం నడిచిన వారాలేవో ఆయన విడదీశాడు. నాకు ఆ పేపర్‌లో అన్నిటికన్నా నచ్చింది ఈ మంచుగడ్డల తెలివే.

మరొకరు: మన 2002 పోటీ చట్టం ప్రకారం ఒప్పందం కాగితం మీదే ఉండాలని లేదు, ఒక అవగాహన ఉన్నా చాలు. అలాంటప్పుడు కుమ్మక్కు అంటే తప్పేముంది?

జవాబు: ఆ అవగాహన ఉందని ముందు తేలాలి కదండీ. బొగ్గు, డీజిల్ ఖర్చు పెరిగితే ఎవరూ ఎవరికీ ఫోన్ చేయకుండానే అన్ని బ్రాండ్ల సిమెంటు బస్తా రేటూ పెరుగుతుంది. డేటాలో ఇదీ, అవగాహనతో పెంచిందీ ఒకేలా కనిపిస్తాయి. వాటిని వేరు చేయడమే ఈ పేపర్ పని అయినప్పుడు, ముందే కుమ్మక్కు అని రాస్తే తీర్పు ఇచ్చేసినట్టే.

ప్రశ్న వేసినవారు: 'మౌన ఒడంబడిక' ఎలా ఉంటుంది?

జవాబు: ఒడంబడిక అంటే మళ్లీ ఒప్పందమే. నా ఓటు 'మాటలేని పొత్తు'కి. ఎన్నికలు గుర్తొస్తాయంటారా, రానివ్వండి. మొదటిసారి వాడినచోట పక్కనే టాసిట్ కొల్యూజన్ అని కూడా రాసేస్తే మీ గైడ్‌కీ టెన్షన్ ఉండదు.