పక్కవాళ్లు సెల్లార్ తవ్వితే మా గోడ కూలి అమ్మ చెయ్యి విరిగింది. ఏమేం అడగొచ్చు?

కొర్లగుంట_వాసి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట. 1998లో మా నాయన కట్టించిన ఇల్లు, పైన ఒక పోర్షన్ అద్దెకిచ్చాం. పక్క ప్లాటు వాళ్లు అపార్ట్‌మెంట్ కోసం సెల్లార్ తవ్వారు. మా గోడని ఆనుకుని, అడుగు జాగా కూడా వదలకుండా, జేసీబీతో పదడుగుల లోతుకు దింపారు. మట్టి జారకుండా ఏ అడ్డూ పెట్టలేదు. గోడ మీద సన్నగా పగులు కనిపించగానే మేస్త్రిని పిలిచి చూపించాం. "ఏం కాదు సార్, పైన పూత పగిలింది అంతే" అన్నాడు. నాలుగో రోజు రాత్రి వాన పడింది. తెల్లవారి ఆరున్నరకి కింద గది గోడ సగం కూలింది. అమ్మ అప్పటికే మిషన్ ముందు కూర్చుని ఉంది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు.

అమ్మకి 52 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. నాలుగు నెలలైనా కత్తెరలో బొటనవేలు పెట్టి నొక్కలేకపోతోంది. పై పోర్షన్ వాళ్లు భయపడి ఖాళీ చేశారు. ఆసుపత్రి ఖర్చే 1,38,000 అయింది.

ఓనరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, యాభై వేలు తీసుకుని "ఇకపై ఏ బాకీ లేదు" అని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమంటున్నాడు. తప్పు కాంట్రాక్టర్‌ది, నాది కాదు అంటాడు. మీ అమ్మకి షుగర్ ఉంది కాబట్టే ఎముక లేటుగా అతికింది, దానికి నేనెందుకు కట్టాలి అంటాడు. ఆ మాట విన్న రోజు అమ్మ అన్నం తినలేదు. దావా వేస్తే ఏమేం అడగొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు_మామిడి:
తమ్ముడూ, ముందు ఆ సంతకం మాత్రం పెట్టొద్దు. నా కాలు విరిగినప్పుడు బండి వాళ్లు ముప్పై వేలు చేతిలో పెట్టి స్టేషన్ బయటే కాగితం రాయించుకున్నారు. ఇంట్లో డబ్బుల్లేవు, టెన్షన్‌లో పెట్టేశాను. ఎనిమిది నెలలకి రాడ్ తీయాలన్నారు, మళ్లీ ఆపరేషన్. అప్పుడు వెళ్లి అడిగితే అదే కాగితం నా ముందు పెట్టారు. గాయం పూర్తిగా మానకముందు లెక్క తేలదు. తేలని లెక్కకి చెల్లు రాయకూడదు.

కోర్టు_దారి:
చిత్తూరు కోర్టుల్లో చాలాకాలంగా సివిల్ కేసులు చూస్తున్నాను. మీ ఓనరు చెప్పే రెండు సాకులూ పాతవే, వాటికి జవాబులూ పాతవే.

మొదటిది, కాంట్రాక్టర్ మీదికి తోయడం. మామూలుగా స్వతంత్ర కాంట్రాక్టర్ చేసిన తప్పు పని ఇచ్చినవాడికి అంటదు. కానీ పని స్వభావంలోనే పక్కవాడి ఇంటికి ప్రమాదం ఉన్నప్పుడు ఆ జాగ్రత్త బాధ్యత ఓనరుదే, ఇంకొకరికి అప్పగించి చేతులు దులుపుకోలేడు. 1876లో ఇంగ్లండులో బోవర్ వర్సెస్ పీట్ అనే కేసులో చెప్పిన మాట ఇది. అక్కడా గొడవ ఇలాంటిదే: పక్కన పునాది తవ్వారు, ఈ ఇంటికి ఆసరా పోయింది. ఓనరునీ కాంట్రాక్టర్‌నీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. మన దగ్గర 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కూడా ఉంది. పక్క నేల మన నేలకి ఇచ్చే ఆసరా సహజ హక్కు. మన కట్టడానికి ఆ ఆసరా ఇరవై ఏళ్లు అడ్డులేకుండా అందితే అదీ హక్కుగా మారుతుంది. మీ ఇల్లు 1998ది కదా, ఇంటి పన్ను రసీదులు ఆ ఏడాది నుంచి తీసి పెట్టండి.

రెండోది షుగర్. దెబ్బ తగిలిన మనిషి ఎలా ఉంటే అలాగే స్వీకరించాలి అన్నది సూత్రం. గుడ్డుపెంకు లాంటి పుర్రె ఉన్నవాడి తల మీద కొట్టి, నీ తల గట్టిగా ఉండాల్సింది అనకూడదు. అమ్మగారికి షుగర్ ఉన్నందువల్ల ఎముక ఆలస్యంగా అతికితే ఆ ఆలస్యం ఖర్చు కూడా వాళ్లదే. ఈ మాట అమ్మగారికి చెప్పండి, తన ఒంట్లో తప్పేదో ఉందని ఆవిడ అనుకోకూడదు.

ఇక నష్టాలు. రసీదుతో చూపించగలిగినవి స్పెషల్ డామేజెస్: ఆసుపత్రి, మందులు, ఆటో ఖర్చులు, గోడ మళ్లీ కట్టే ఎస్టిమేట్, చెడిన మిషన్, ఈ నాలుగు నెలల కుట్టుపని ఆదాయం, పోయిన అద్దె. రసీదు ఉండనివి జనరల్ డామేజెస్: నొప్పి, బాధ, చేతి బలం తగ్గినందుకు, ముందు ముందు పోయే సంపాదన. కోర్టు అంచనా వేసి ఇస్తుంది, కానీ అడగాల్సింది మీరే. అద్దె మాత్రం గోడ బాగుచేయడానికి సరిపడే నెలలకే వస్తుంది. రెండేళ్లు ఖాళీగా పెట్టుకుని రెండేళ్ల అద్దె అడిగితే, నష్టం తగ్గించుకోవడానికి మీరేం చేశారని కోర్టే అడుగుతుంది. శిక్షగా వేసే ఎగ్జెంప్లరీ డామేజెస్ మన దగ్గర చాలా అరుదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

పలమనేరు_పాడి:
ఆ నష్టం తగ్గించుకునే మాట మా విషయంలోనూ వచ్చింది. తెగిపడ్డ కరెంటు తీగ తగిలి మా ఆవు చచ్చిపోయింది. పూటకి ఏడు లీటర్లు ఇచ్చే ఆవు. కరెంటు వాళ్లు ముందు పశువు ఖరీదు ఒక్కటే ఇస్తామన్నారు. మా వకీలు గారు 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన శైల్‌కుమారి తీర్పు చూపించారు. తెగిన కరెంటు తీగ తగిలి మనిషి చనిపోయిన కేసది. ప్రమాదకరమైన కరెంటు సరఫరా చేసేవాళ్లు తమ తప్పు లేదని తప్పించుకోలేరని అందులో ఉంది. పాల కేంద్రం స్లిప్పులన్నీ మా ఆయన మేకుకి గుచ్చి పెట్టేవారు. ఆ గుత్తి అలాగే తీసుకెళ్లి ఇచ్చాం. ఇంకో ఆవు కొనేదాకా పోయిన రెండు నెలల పాల డబ్బు కూడా లెక్కలో పడింది. స్లిప్పులు లేకపోతే అది వచ్చేది కాదు.

కొర్లగుంట_వాసి:
అమ్మ ఆదాయానికి కాగితమే లేదు. బ్యాంకులో పడే డబ్బు కాదు, అంతా చేతికే. ఏం చూపించాలి?

పలమనేరు_పాడి:
కొలతల పుస్తకం రాస్తారు కదమ్మా మీ అమ్మగారు?

కొర్లగుంట_వాసి:
రాస్తుంది అక్కా! ఆలోచన కూడా రాలేదు నాకు. పెద్ద లాంగ్ నోట్‌బుక్, ప్రతి పేజీలో పేరు, నడుము, చెయ్యి పొడవు, మెడ లోతు, పక్కన తేదీ, ఇవ్వాల్సిన డబ్బు. ఇచ్చినవాళ్ల పేరు పక్కన టిక్కు. ఏడు పుస్తకాలున్నాయి.

కోర్టు_దారి:
బంగారం లాంటి సాక్ష్యం. ఏ ఒక్క పేజీ చింపకండి, కొత్తగా ఏమీ రాయకండి. ఇద్దరు ముగ్గురు ఖాతాదారులు సాక్ష్యం చెబితే ఇంకా బలం.

లెక్క ఎలా ఉంటుందో చూపిస్తాను. నెలకి 9,000 తేలిందనుకుందాం. మెడికల్ బోర్డు చేతికి ఎంత శాతం వైకల్యం రాసినా, కోర్టు చూడాల్సింది ఆ చేతితో ఆ మనిషి చేసే పని ఎంత దెబ్బతిందని. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్‌లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. గుమాస్తాకి చెయ్యి పోవడం, వడ్రంగికి చెయ్యి పోవడం ఒకటి కాదు. కుట్టుపని మనిషికి కుడి మణికట్టు అంటే అంతే. సంపాదనలో 40 శాతం పోయిందని తేలితే నెలకి 3,600, ఏడాదికి 43,200. 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టికలో 51 నుంచి 55 ఏళ్ల వారికి గుణకం (ఏడాది నష్టాన్ని ఎంతతో హెచ్చవేయాలో ఆ అంకె) 11. అంటే 4,75,200. అది రోడ్డు ప్రమాదాల కోసం పెట్టిన పట్టికే, అయినా సివిల్ కోర్టు ముందు కొలబద్దగా పెట్టొచ్చు. ఇది ఒక్క పద్దు మాత్రమే. యాభై వేలు ఎక్కడుందో మీరే చూడండి.

రేణిగుంట_రోడ్డు:
లెక్క బాగుంది సార్, కానీ వాయిదాలు? మా పొలం గట్టు కేసు తొమ్మిదేళ్లు తిరిగాం. ఆవిడకి డబ్బు ఇప్పుడు కావాలి. నేనైతే గట్టిగా బేరమాడి రెండు మూడు లక్షలకి తెంచుకుంటాను.

కోర్టు_దారి:
మీ బాధ నిజమే, నేను కాదనను. రాజీ తప్పు కాదు, లెక్క తెలియకుండా రాజీపడటం తప్పు. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 1987 చట్టం కింద. వకీలు ఖర్చు, కోర్టు ఫీజు పెట్టుకోనక్కర్లేదు. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో న్యాయసేవల ఆఫీసుకి వెళ్లండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌కి పంపించి అవతలివాళ్లని పిలిపించొచ్చు. అక్కడ కుదిరితే అది డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో, సమానం. కుదరకపోతే దావాకి మామూలుగా మూడేళ్ల గడువుంది, కానీ ఆగకండి. మట్టి గొయ్యి పూడ్చేస్తే సాక్ష్యం పోతుంది. ఈ రోజే ఫొటోలు తీసి, ఒక సివిల్ ఇంజనీరుతో రిపోర్టు రాయించండి. దావా వేసిన వెంటనే అడ్వకేట్ కమిషనర్‌ని వేయమని అడగండి, ఆయన వచ్చి కొలిచి కోర్టుకి రాస్తాడు.

ఇంకొకటి. పగులు కనబడ్డాక ఆ గదిలో ఎందుకు కూర్చున్నారని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు, కొంత తప్పు అమ్మగారిదేనని తగ్గించమంటాడు. మేస్త్రి "ఏం కాదు" అన్నప్పుడు పక్కన ఎవరున్నారు?

కొర్లగుంట_వాసి:
పై పోర్షన్ అంకుల్ ఉన్నారు, ఆయన విన్నారు. ఇప్పుడు ఎస్వీ నగర్‌లో ఉంటున్నారు, అడిగితే వచ్చి చెబుతానన్నారు.

కొర్లగుంట_వాసి:
పది రోజుల తర్వాత చెబుతున్నా. సంతకం పెట్టలేదు. న్యాయసేవల ఆఫీసులో అర్జీ ఇచ్చాం, అవతలివాళ్లకి నోటీసు వెళ్లింది. ఇంజనీరు వచ్చి గొయ్యి లోతు పదకొండు అడుగుల రెండు అంగుళాలని రాశారు. నోటీసు అందిన రోజే ఓనరు ఫోన్ చేసి లక్షన్నర అన్నాడు. అమ్మే ఫోన్ తీసుకుని, మేం లెక్క వేస్తున్నాం, అది అయ్యాక మాట్లాడదాం అంది. ఇప్పుడు రోజూ రాత్రి నేను చదువుతుంటే తను ఎడమచేత్తో టిక్కులు లెక్కపెడుతోంది. నాలుగు పుస్తకాలు అయ్యాయి. గోడ కూలిన రోజు మిషన్ మీదున్న పుస్తకం వానకి తడిసింది, దాని పేజీలు ఒక్కొక్కటి విడదీసి ఫ్యాన్ కింద ఆరబెట్టాం.