సిడ్నీ కాలనీ ఎందుకు పెట్టారు? ఖైదీల్ని వదిలించుకోవడానికా, పసిఫిక్‌లో పాగా వేయడానికా?

గోదారి_గట్టు:
బ్రిటన్ 1788లో ఖైదీల్ని ఓడల్లో తీసుకెళ్లి ఆస్ట్రేలియాలో దించింది కదా. జైళ్లు నిండిపోయి పంపేశారనే మనం చదువుకున్నాం. కొందరు చరిత్రకారులేమో అసలు గురి ఆస్ట్రేలియాకి తూర్పున పసిఫిక్‌లో ఉన్న నార్ఫోక్ దీవి మీద అంటున్నారు. అక్కడి నారమొక్కతో తెరచాపలు, తాళ్లు, పైన్ చెట్లతో ఓడ స్తంభాలు చేసుకోవచ్చని, ఫ్రెంచివాళ్ల కంటే ముందే చోటు పట్టేయొచ్చని. మీరేమంటారు?

కృష్ణలంక_కుర్రాడు:
నాది రెండో మాటే. వదిలించుకోవడమే పనైతే 11 ఓడలు కట్టుకుని ఎనిమిది నెలలు అంత దూరం పోవాలా? గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ జనవరి 26న సిడ్నీ కోవ్‌లో జెండా ఎగరేశాడు, ఫిబ్రవరిలోనే లెఫ్టినెంట్ కింగ్‌ని నార్ఫోక్‌కి పంపేశాడు. తిండికే గ్యారంటీ లేనప్పుడు ఉన్న మనుషుల్ని విడదీసి పంపాడంటే, లండన్ ఇచ్చిన ఆదేశాల్లోనే ఆ దీవి పేరు ఉంది కాబట్టి. పైగా ఫ్రెంచి నావికుడు లా పెరూజ్ ఓడలు సరిగ్గా అదే వారం సిడ్నీ పక్కనున్న బోటనీ బేకి వచ్చాయి. ఫ్రెంచివాళ్లు వస్తారన్న భయం ఉత్తదేం కాదు.

పాలమూరు_అక్క:
తమ్ముడూ, దగ్గరి చోట్లు చూడకుండా అంత దూరం పోయారనుకుంటున్నావు గానీ ముందు చూసింది ఆఫ్రికానే. అమెరికా యుద్ధంతో అటు పంపే దారి మూసుకుపోయింది, థేమ్స్ నదిలో పాత ఓడల్నే జైళ్లుగా మార్చి జనాన్ని కుక్కారు, అవీ చాల్లేదు. గాంబియా నదిలో ఒక దీవి అనుకున్నారు, అక్కడికి పంపితే జ్వరాలతో చస్తారని పార్లమెంటులో గొడవైంది. తర్వాత నైరుతి ఆఫ్రికా తీరం చూసి రమ్మని నాటిలస్ అనే ఓడని పంపితే అది 1786లో తిరిగొచ్చి అంతా బంజరు, నీళ్లు లేవు అంది. ఆ వెంటనే, ఆగస్టు 18న, బ్రిటన్ హోం మంత్రి లార్డ్ సిడ్నీ, ఖైదీల్ని బోటనీ బేకే పంపాలని ఖజానా శాఖకి లెటర్ రాశాడు. అంటే మిగిలిన చోటు అదొక్కటే.

ఇక నార సంగతి. నిజంగా నార కోసమే అయితే ఆ పని తెలిసినవాళ్లని పంపాలి కదా? నార్ఫోక్‌లో ఆ మొక్క బోలెడంత ఉంది, దాన్నుంచి నార ఎలా తీయాలో ఎవరికీ అంతు పట్టలేదు. చివరికి 1793లో న్యూజిలాండ్ నుంచి ఇద్దరు మావోరీ మగవాళ్లని ఎత్తుకొచ్చారు. తీరా వాళ్లకీ పెద్దగా తెలియదు, ఎందుకంటే అక్కడ అది ఆడవాళ్ల పని. పైన్ కూడా స్తంభాలకి పనికిరాలేదు. అసలు సిడ్నీ ఊరే ఆకలితో మాడింది. 1790లో గవర్నర్ ఇంటికి భోజనానికి పిలిస్తే ఎవరి రొట్టె వాళ్లే తెచ్చుకోవాలి. 1792లో కలకత్తా నుంచి ఓడలో బియ్యం, పప్పు తెప్పించుకున్నారు. పసిఫిక్ మీద పట్టు కోసం ప్లాన్ వేసినవాళ్లు ఇంత గుడ్డిగా దిగరు.

మెల్‌బోర్న్_మామిడి:
మీరిద్దరూ లండన్ నుంచే చూస్తున్నారండీ. ఆ ఒడ్డున ఈయోరా అనే ఆదివాసీ జనం ఉన్నారు. వాళ్లతో స్నేహంగా ఉండమని ఫిలిప్‌కి ఆదేశం ఉంది, నేల మాత్రం అడక్కుండానే తీసుకున్నారు. 1789లో మశూచి వచ్చింది, రేవు చుట్టూ గుహల్లో, నీటి ఒడ్డున శవాలు కనిపించాయి. ఇక్కడ జనవరి 26 సెలవు, చాలామంది ఆదివాసులకు అది సంతాప దినం. కారణం నారైనా జైలైనా వాళ్లకి జరిగింది ఒకటే.

పాలమూరు_అక్క:
మీ మాట నిజం అండీ, ఆ నష్టం ముందు మా చర్చ చిన్నదే. అయినా కారణం ముఖ్యమే, ఎందుకంటే మనుషుల్ని ఏ లెక్కన చూశారో అందులో తెలుస్తుంది. 1790లో ఖైదీల్ని తెచ్చిన రెండో ఓడల గుంపు చూడండి. కాంట్రాక్టర్లు బానిసల వ్యాపారంలో ఉన్నవాళ్లు, డబ్బు ఓడ ఎక్కిన తలకి ఇంత అని, బతికి దిగినవాళ్ల లెక్కన కాదు. సుమారు వెయ్యి మంది ఎక్కితే పావు వంతు దారిలోనే చచ్చిపోయారు. పని చేయించుకోవాలనుకున్నవాళ్లని ఎవరైనా ఇలా పంపుతారా?

కృష్ణలంక_కుర్రాడు:
రెండో ఓడల గుంపు సంగతి ఘోరమే అక్కా, దానికి సాకులు చెప్పను. కానీ అది కాంట్రాక్టర్ల పాపం, 1786 నాటి ప్లాన్ కాదు. ఆ ప్లాన్ కాగితంలో నార, కలప గురించి ప్రత్యేకంగా రాసుకున్నారు, నార్ఫోక్ ఆదేశానికీ మీరింకా జవాబు చెప్పలేదు. పని చేతకాకపోతే ఉద్దేశమే లేదని ఎలా అంటాం?