డిక్ మిల్లర్‌ది గెలిచిన కెరీరా, ఓడిన కెరీరా?

రీలుపెట్టె: హాలీవుడ్ నిర్మాత, దర్శకుడు రోజర్ కోర్మన్ చవక సినిమాల్లో చిన్న వేషాలేసిన డిక్ మిల్లర్ 2019లో 90 ఏళ్ళకు పోయాడు. ఆయన్ని 'పాపం' అనేవాళ్ళతోనే నా తగువు. 1955లో 'అపాచీ ఉమన్'లో రెడ్ ఇండియనూ ఆయనే, వాళ్ళ మీదికెళ్ళే గుంపులో తెల్లోడూ ఆయనే. 1959లో 'ఎ బకెట్ ఆఫ్ బ్లడ్'లో హీరో. షూటింగంతా ఐదు రోజులు. అందులో ఆయన పాత్రకున్న వాల్టర్ పైస్లీ అనే పేరు నచ్చి, దర్శకుడు జో డాంటే 1981లో 'ది హౌలింగ్'లోనూ ఆయనకే పెట్టాడు. 'టెర్మినేటర్'లో తుపాకుల కొట్టువాడు గుర్తున్నాడుగా? ఆయనే. ఇంకేం కావాలి?

కృష్ణానగర్_కుర్రాడు: డబ్బులు కావాలి సార్.

మ్యాటినీమూర్తి: కోర్మనే తీసిన 'లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్'లో హీరో వేషం ఇస్తామంటే, ఇప్పుడేగా ఇలాంటిదే చేశానని వద్దన్నది మిల్లరే. ఇక కోర్మన్‌ని అనేదేముంది?

పాలకొల్లుపిల్ల: అందులో పూలకి ఉప్పు చల్లుకుని తినేది ఈయనేనా! 😂

రీలుపెట్టె: ఆయనే. ఆ సినిమాని రెండు రోజుల్లో తీశారు. మనవాళ్ళకి రెండు రోజులు లొకేషన్ చూసి రావడానికే చాలవు.

మ్యాటినీమూర్తి: రెండు రోజులు కాదు. సెట్‌లో సీన్లు మాత్రమే రెండు రోజులు. వీధి సీన్లు విడిగా తీశారు.

రీలుపెట్టె: అందరూ రెండు రోజులనే అంటారు.

మ్యాటినీమూర్తి: అందరూ అంటే అయిపోతుందా?

కృష్ణానగర్_కుర్రాడు: రోజులు లెక్కపెట్టడం ఆపి, ఆ తొందరెందుకో చూడండి. అందులో పూలకొట్టు యజమానిగా వేసిన మెల్ వెల్స్ చెప్పిందేంటంటే, 1960 జనవరి నుంచి సినిమా మళ్ళీ వేసినప్పుడల్లా నటులకు వాటా ఇవ్వాలన్న నిబంధన రాబోతోందట. అందుకే 1959 డిసెంబరులోనే లాగించేశారు. మీరు చప్పట్లు కొడుతున్నది దానికి. ఆ 1960లోనే హాలీవుడ్ నటుల సంఘం సమ్మె చేసింది. అప్పుడు సంఘం అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్. ఆ తర్వాతి సినిమాలకు టీవీ వాటా వచ్చింది, ముందువాటికి రాలేదు. బదులుగా పింఛను నిధికి కొంత సొమ్మిచ్చి సర్దేశారు. 'బకెట్' 1959ది, అంటే ముందుదే!

నేనూ ఒక చిన్న సినిమాలో శవం పక్కన ఏడ్చాను. ఆ రోజు బేటా సగమే ఇచ్చారు. మిగతాది రిలీజయ్యాక అన్నారు. ఇప్పుడా క్లిప్పు యూట్యూబ్‌లో మీమ్. నా మొహం ప్రతి ఫోన్లో ఉంది, నా అద్దె మాత్రం బాకీ ఉంది.

రీలుపెట్టె: మీ బాధకీ కోర్మన్‌కీ ఏం సంబంధం తమ్ముడూ? జాక్ నికల్సన్‌కి వేషాలిచ్చింది ఎవరు? దర్శకుడు స్కోర్సెసీకి కెమెరా ఇచ్చింది ఎవరు? 'లిటిల్ షాప్'కి కాపీరైటు కూడా చేయించుకోలేదాయన. వీడియో క్యాసెట్లవాళ్ళు అట్ట మీద నికల్సన్ బొమ్మేసి అమ్ముకున్నారు.

కృష్ణానగర్_కుర్రాడు: ఆయన తన వాటా పోగొట్టుకుంటే నటులది కూడా పోవాలా? అసలు ప్రతిసారీ నిర్మాత వైపే ఎందుకుంటారు మీరు?

రీలుపెట్టె: ఎందుకంటే నేనూ ఒకటి తీశాను కాబట్టి! పొలం తాకట్టు పెట్టి. థియేటర్లు దొరకలేదు, రీళ్ళ డబ్బాలు ఇంట్లోనే ఉన్నాయి. ఆర్టిస్టులు కనిపిస్తే బాకీ అంటారు, నా బాకీ ఎవడిని అడగాలి?

పాలకొల్లుపిల్ల: అయ్యో.

కృష్ణానగర్_కుర్రాడు: అయితే మీరు మిల్లర్ గురించి మాట్లాడట్లేదు. 'జనం గుర్తుపెట్టుకుంటారు, చాలదా' అని మీ ఆర్టిస్టులకి చెప్పాల్సింది ఇక్కడ చెప్తున్నారు.

రీలుపెట్టె: నువ్వు మాట్లాడుతున్నావా మిల్లర్ గురించి? సరే, ఇది చెప్పు. సినిమా నష్టపోతే, వాటా అడిగే ఆర్టిస్టు నష్టంలోనూ వాటా తీసుకుంటాడా?

కృష్ణానగర్_కుర్రాడు: బేటా వాటా కాదండీ. అది ఆ రోజు కూలి.

మ్యాటినీమూర్తి: ఇంతకీ రెండు రోజులు కాదని ఒప్పుకున్నట్టేనా?