బ్రేక్ చివరిదాకా బిగించినా లైన్ జారిపోతోంది, శనివారం టెక్సాస్ లేక్ ఫోర్క్‌కి చేపలు పట్టడానికి వెళ్లాలి, ఎవరైనా సాయం చెయ్యండి

ఇర్వింగ్ కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, ఈ బాధ ఎవరైనా పడుంటే చెప్పండి. ఆఫీసు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ దీంతోనే కూర్చున్నా, ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. బెయిట్‌కాస్టర్ రీల్, విసిరేటప్పుడు లైన్ చుట్టిన చక్రమే (స్పూల్) తిరిగే రకం. బ్రేక్ ఇంక తిరగనంత బిగించేశా. అయినా లైన్ పట్టుకుని లాగితే జర్రున వచ్చేస్తోంది. మొన్న అపార్ట్‌మెంట్ వెనక చెరువులో మంచి బాస్ చేప పడింది. నేను హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నా, చేప ఇటు రాదు, లైను అటు పోతుంది. గడ్డిలోకి దూరి గాలం విదిల్చుకుని పోయింది. రీల్ విప్పి తుడిచా, ఆయిల్ వేశా, మళ్లీ బిగించా. ఏం మారలేదు. వీడియోలు ఎన్ని చూసినా అన్నీ లైన్ చిక్కుపడటం గురించే. రాజమండ్రి నుంచి బావమరిది వచ్చాడు, శనివారం తెల్లవారుజామున ఫోర్క్‌లో పడవ మాట్లాడుకున్నాం. కొత్త రీల్ కొనేయమంటారా?

తెల్లారి గాలం:
కొనకండి. బెయిట్‌కాస్టర్ మొదలుపెట్టిన ప్రతివాళ్లూ బ్రేక్ మీదే భారం వేస్తారు. అసలు బ్రేక్ బొటనవేలు. ముందు పక్కనున్న చిన్న నాబ్ సరిచూసుకోండి: ఎర కట్టి రాడ్ చివర నుంచి వదిలితే నెమ్మదిగా కిందికి దిగాలి, నేల తాకగానే స్పూల్ ఆగిపోవాలి. మాగ్నెటిక్ బ్రేక్ సగం కన్నా కాస్త ఎక్కువలో పెట్టి, చెయ్యి కుదిరే కొద్దీ తగ్గించుకుంటూ రండి. ఎర నీళ్లు తాకే క్షణంలో వేలు స్పూల్ మీద పడాలి. గాలికి ఎదురుగా విసిరేటప్పుడు ఇంకా జాగ్రత్త. రోజూ సాయంత్రం పార్కింగ్ లాట్‌లో గాలం లేని బరువు కట్టి విసరడం ప్రాక్టీస్ చేయండి, వేలికి తెలివి దానంతటదే వస్తుంది. దీనికి అడ్డదారి లేదు.

ఇర్వింగ్ కుర్రాడు:
అన్నా, విసరడం బాగానే ఉంది. చిక్కు పడట్లేదు. చేప పడ్డాకే సమస్య.

కరీంనగర్ కొర్రమట్ట:
ఏం లైన్?

ఒడ్డున బాబాయ్:
రీల్ సంగతి తర్వాత బాబూ. మీ బావమరిదికి లైసెన్స్ తీసుకున్నారా? విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి అక్కర్లేదని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండిన ఎవరికైనా కావాల్సిందే. ఆయనది నాన్ రెసిడెంట్ కింద వస్తుంది, ఒక్క రోజుదీ దొరుకుతుంది, ఫోన్‌లోనే తీసుకోవచ్చు. మీది కూడా తేదీ చూసుకోండి, మామూలు సంవత్సర లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. స్టేట్ పార్కు ఒడ్డున నిలబడి పట్టుకునేవాళ్లకి లైసెన్స్ అడగరు. అది విని అన్నిచోట్లా అంతే అనుకుంటారు. మీరు ఫోర్క్‌లో పడవెక్కుతున్నారు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఫోర్క్ రూలు మిగతా చెరువుల్లాంటిది కాదు. మామూలుగా లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలు దాటితే ఇంటికి తెచ్చుకోవచ్చు. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్యది ఏదీ ఉంచుకోకూడదు, వదిలేయాలి. 16, అంతకన్నా చిన్నవి ఉంచుకోవచ్చు. 24, అంతకన్నా పెద్దది రోజుకి ఒక్కటే. మొత్తం కలిపి 5. కొలిచేటప్పుడు నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. పెద్ద చేప దొరికిందన్న సంతోషంలో ఐస్ బాక్స్‌లో వేసుకుని, పడవలు దింపే ర్యాంప్ దగ్గర తనిఖీ చేసే వార్డెన్ అడిగినప్పుడు తెల్లమొహం వేసినవాళ్లని నేను చూశాను. మన పిల్లలకి ఆ పరిస్థితి రాకూడదనే ఇంత చెప్పడం.

రాజోలు అబ్బాయి:
బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. కానీ ప్రశ్న రీల్ గురించండి.

కుర్రాడు గారూ, మీరు బ్రేక్ అంటున్నది ఏది? హ్యాండిల్ పక్కన నక్షత్రంలా ఉండేదా, అవతలి పక్క గుండ్రటి డయలా? నక్షత్రాన్ని డ్రాగ్ అంటారు, చేప లాగేటప్పుడు పనిచేస్తుంది. డయల్ బ్రేకు, విసిరేటప్పుడు పనిచేస్తుంది. డయల్ బిగించి చేపని ఆపాలంటే ఆగదు.

తెల్లారి గాలం:
బ్రేక్ అన్నారు కాబట్టే నేను బ్రేక్ గురించి చెప్పాను.

చెరువుగట్టు:
మా ఊళ్లో రెండిటినీ బ్రేకే అంటాం. చేపని ఆపేది బ్రేక్ కాక ఏమిటి?

రాజోలు అబ్బాయి:
ఇంట్లో ఏమన్నా పర్లేదండి. పదిమందిలో సాయం అడిగినప్పుడు డ్రాగ్‌ని డ్రాగ్ అనాలి. లేకపోతే ఒకాయన డయల్ తిప్పమంటాడు, ఒకాయన నక్షత్రం తిప్పమంటాడు, అడిగినాయన రెండూ తిప్పి రాత్రంతా కూర్చుంటాడు. ఇప్పుడు జరుగుతున్నది అదే కదా.

ఇర్వింగ్ కుర్రాడు:
నక్షత్రమే అన్నా. డ్రాగ్. ఫుల్ టైట్.

చెరువుగట్టు:
అయితే ఆయిలే కారణం. విప్పి ఆయిల్ వేశానన్నారుగా. డ్రాగ్ వాషర్ల మీద ఆయిల్ పడితే జారతాయి. కార్బన్ వాషర్లకైతే డ్రాగ్ గ్రీజే పలచగా రాయాలి, మామూలు ఆయిల్ ఎప్పుడూ వేయకూడదు. విప్పి, ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి బిగించండి.

తెల్లారి గాలం:
వాషర్లే అయ్యుండాలని లేదు. హ్యాండిల్ కింద ఆంటీ రివర్స్ బేరింగ్ ఉంటుంది, దాంట్లోకి ఆయిల్ ఎక్కువ పోయినా పట్టు తప్పుతుంది. అప్పుడు హ్యాండిల్ వెనక్కి తిరుగుతుంది.

చెరువుగట్టు:
చాలా రీళ్లకి బేరింగ్ తప్పినా ఆపడానికి వెనక ఒక పంటి కొక్కెం ఉంటుంది. ఇంత జారదు.

తెల్లారి గాలం:
అన్ని రీళ్లకీ ఉండదు. మోడల్ తెలియకుండా అలా చెప్పలేం.

ఇర్వింగ్ కుర్రాడు:
హ్యాండిల్ వెనక్కి తిరగట్లేదు. గట్టిగానే ఉంది. పైగా ఆయిల్ ఇవాళ వేశా, చేప పోయింది మొన్న. విప్పకముందు నుంచే జారుతోంది.

కరీంనగర్ కొర్రమట్ట:
తమ్మీ, ఏం లైన్ ఏసినవో ఇంకా చెప్పలే. ఎప్పుడు ఏసినవ్, స్పూల్‌కి ఎట్ల కట్టినవ్.

ఇర్వింగ్ కుర్రాడు:
లైన్ కొత్తదే అన్నా, దాంతో ఏం సమస్య లేదు. 50 పౌండ్ల బ్రెయిడ్, అదే అల్లిన లైన్. ఫోర్క్‌లో నీళ్లలో చెట్లుంటాయని గట్టిది కొన్నా. పాతది మొత్తం తీసేసి, స్పూల్‌కి శుభ్రంగా ముడేసి చుట్టా. పాత లైన్ ఉన్నప్పుడు రీల్ బాగానే ఉండేది.

కరీంనగర్ కొర్రమట్ట:
గదే. రీల్ మంచిగనే ఉన్నది. కింద మోనో, గా నైలాన్ లైన్, లేదు. మొత్తం జారుతున్నది.

రాజోలు అబ్బాయి:
దొరికింది! కొర్రమట్ట గారు మొదట్లోనే సరైన ప్రశ్న వేశారు, మేమే మధ్యలో దారి మళ్లించాం. కాస్త వివరంగా చెబుతానండీ, ఎందుకంటే దీనికి మంచి రీళ్లని రిటర్న్ చేసేస్తున్నారు జనం.

నైలాన్ మోనో సాగుతుంది. బిగించి చుడితే స్పూల్‌ని కరుచుకుంటుంది. బ్రెయిడ్ సాగదు, పైన నున్నగా ఉంటుంది. స్పూల్ కూడా నున్నటి లోహం. ముడి ఎంత బాగా వేసినా, బరువు పడగానే చుట్టిన లైన్ మొత్తం, సన్నటి చేతికి వదులైన గాజు తిరిగినట్టు, స్పూల్ మీద తిరిగిపోతుంది. స్పూల్ కదలదు కాబట్టి డ్రాగ్‌కి అక్కడ పనే లేదు. మీరు నక్షత్రం ఎంత బిగించినా బిగించింది స్పూల్‌ని, లైన్‌ని కాదు. బయటినుంచి చూసేవాళ్లకి మాత్రం డ్రాగ్ పోయినట్టే కనిపిస్తుంది.

రూఢి చేసుకోవాలంటే స్పూల్ అంచు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టండి. చుట్టిన లైన్ మీద, ఆ గీతకి ఎదురుగా ఇంకొకటి. డ్రాగ్ బిగించి లైన్ లాగండి. అంచు మీద గీత కదలకుండా లైన్ మీది గీత తిరిగిపోతే మన అనుమానం నిజం. రెండు గీతలూ కలిసి తిరిగితే అప్పుడు వాషర్ల సంగతి చూద్దాం, చెరువుగట్టు గారు చెప్పినట్టు.

ఇర్వింగ్ కుర్రాడు:
చూశా. స్పూల్ గీత ఉన్నచోటే ఉంది!! లైన్ ఒక్కటే తిరుగుతోంది. ఇప్పుడేం చెయ్యాలి? మళ్లీ కొత్త లైన్ కొనాలా?

రాజోలు అబ్బాయి:
అక్కర్లేదు. బ్రెయిడ్ అంతా విప్పి ఖాళీ స్పూల్ మీదకో ప్లాస్టిక్ సీసా మీదకో చుట్టుకోండి. మీ రీల్ స్పూల్‌కి ముందు మోనో ముడేసి పది గజాలకి తక్కువ కాకుండా బిగించి చుట్టండి. దాని కొసకి బ్రెయిడ్ కొసని డబుల్ యూని ముడితో కలపండి. ముడి బిగించే ముందు తడపాలి, మర్చిపోవద్దు. బ్రెయిడ్ వైపు చుట్లు ఎక్కువ వేయండి, మోనో వైపు అయిదు చాలు, బ్రెయిడ్ వైపు ఎనిమిది. కొసలు దగ్గరగా కత్తిరించండి.

మోనో ఇంట్లో లేకపోతే స్పూల్ మీద ఎలక్ట్రికల్ టేపు ఒక్క చుట్టు వేసి, దాని మీద బ్రెయిడ్ ముడేయండి. అదీ పట్టుకుంటుంది. కొన్ని స్పూళ్లకి బ్రెయిడ్ నేరుగా కట్టుకోవడానికి చిల్లులు గానీ రబ్బరు పట్టీ గానీ ఉంటాయి, మీ దానికి ఉంటే ఈ బాధ వచ్చేదే కాదు.

చుట్టేటప్పుడు తడిగుడ్డతో లైన్‌ని గట్టిగా పట్టుకుని చుట్టాలి. వదులుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు పై లైన్ కింది చుట్లలోకి దిగబడిపోతుంది, తర్వాత విసరడానికి రాదు. ఇదంతా ఒక్కరే చేయడం కష్టం, మీ బావమరిదిని సీసా పట్టుకోమనండి.

చివరగా డ్రాగ్. ఫుల్ టైట్‌లో పెట్టి ఫోర్క్‌కి వెళ్లొద్దు. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే లగేజి తూకం అందరి ఇళ్లలోనూ ఉంటుంది కదా. దాని కొక్కేనికి లైన్ కట్టి, రాడ్ వంచి లాగండి. ఆరేడు పౌండ్ల దగ్గర స్పూల్ తిరగడం మొదలవ్వాలి. చెట్ల మధ్య ఫ్రాగ్ ఎర (కప్ప బొమ్మ) వేస్తుంటే ఇంకాస్త బిగించుకోవచ్చు.

చెరువుగట్టు:
50 పౌండ్ల లైన్‌కి ఆరేడు పౌండ్ల డ్రాగ్ ఏంటండీ? మూడో వంతు అంటారు కదా. కనీసం పదిహేను ఉండాలి.

రాజోలు అబ్బాయి:
ఆ మూడో వంతు లెక్క మోనోకి వచ్చింది. బ్రెయిడ్‌కి పట్టుకొస్తే లైన్ తెగదు కానీ గాలం వంగుతుంది, చేప నోరు చిరుగుతుంది, రాడ్ విరుగుతుంది. అన్నిట్లో బలహీనమైనది ఏదో దానికి తగ్గట్టు పెట్టుకోవాలి.

చెరువుగట్టు:
దట్టమైన గడ్డిలో నేను బిగించే ఆడతా. వదులిస్తే చెట్టుకి చుట్టేస్తుంది.

కేటీ అక్క:
ఇద్దరికీ ఇద్దరూ రైటే, నీళ్లలో ఏముందో దాన్ని బట్టి. నేను చెప్పాలనుకున్నది వేరు. పెద్ద చేప పడితే దయచేసి ఫోటో కోసం కింది దవడ ఒక్కటే పట్టుకుని, ఒళ్లంతా పక్కకి వంచి పట్టుకోకండి. బరువంతా దవడ మీద పడుతుంది. ఒక చేత్తో దవడ, రెండో చెయ్యి పొట్ట కింద, అడ్డంగా. చెయ్యి ముందే తడుపుకోండి, ఒంటి మీద జిగురు పోతే చేపకి రోగాలు తగులుతాయి. ఫోటో తీసేవాళ్లు ముందే సిద్ధంగా ఉండాలి, చేపని బయట పెట్టుకుని కెమెరా వెతకకూడదు.

మీరు వెళ్లేది ఫోర్క్ కాబట్టి మరీ చెబుతున్నా. టెక్సాస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో అక్కడే దొరికింది. 1986లో అక్కడే పట్టిన 17.67 పౌండ్ల ఆడచేపతోనే రాష్ట్రం వాళ్ల షేర్‌లంకర్ కార్యక్రమం మొదలైంది. జనవరి నుంచి మార్చి చివరిదాకా 13 పౌండ్లు, ఆ పైన ఉన్న చేప దొరికితే ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి తీసుకెళ్లి, టెక్సాస్‌లోనే ఉన్న ఏథెన్స్‌లో గుడ్లు పెట్టించి, పిల్లల్ని మళ్లీ చెరువుల్లో వదులుతారు. ఇప్పుడు మనం పట్టుకునేవాటిలో అలా ఎవరో అప్పుడు వదిలిన చేపల సంతానం కూడా ఉండొచ్చు. బతికించి వదలండి.

ఒడ్డున బాబాయ్:
చల్లగా చెప్పావమ్మా. పనిలో పనిగా, పడవ ఒడ్డుకి తీశాక అడుగున ఉన్న నీళ్లన్నీ వంపేయాలి, అది చట్టం. జీబ్రా మసల్స్ అనే గుల్లలు 2009లో టెక్సోమా చెరువులో కనపడ్డాయి, తర్వాత రే రాబర్ట్స్ చెరువుకి పాకాయి. పడవల్లో మిగిలిన నీళ్లతోనే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి చేరతాయి.

రాజోలు అబ్బాయి:
కుర్రాడు గారూ, మీ బావమరిది గోదావరి పక్కవాడు కాబట్టి గాలం కొత్త కాదు. కొరమీను పట్టినవాడికి బాస్ తొందరగానే అర్థమవుతుంది, అదీ గడ్డి పక్కన నీడలో పొంచి ఉండే రకమే. ఆయనకి స్పిన్నింగ్ రాడ్, మెత్తటి ప్లాస్టిక్ వార్మ్ ఎర ఇవ్వండి. మొదటి రోజే బెయిట్‌కాస్టర్ ఇవ్వొద్దు. నా దగ్గర స్పిన్నింగ్ సెట్టు ఒకటి ఖాళీగా ఉంది, మోనో చుట్ట కూడా. నేనుండేది కాపెల్, ఆఫీసు నుంచి వస్తూ తీసుకెళ్లండి. మెసేజ్ పెట్టండి.

కరీంనగర్ కొర్రమట్ట:
శనివారం నేను గూడ ఫోర్క్‌లనే ఉంట. ర్యాంప్ కాడ కలుద్దాం.

ఇర్వింగ్ కుర్రాడు:
టేపు వేసి చుట్టా. పట్టింది, జారట్లేదు. లైసెన్సులు రెండూ తీసుకున్నా బాబాయ్. రాజోలు అన్నా, రేపు ఆరింటికి వస్తా. అందరికీ థాంక్స్, పడుకుంటా ఇక.

చెరువుగట్టు:
టేపు నాలుగు రోజులే, తర్వాత మోనో వేసుకోండి.

తెల్లారి గాలం:
టేపు ఏళ్ల తరబడి ఉంటుంది. నా రీళ్లన్నిటికీ అదే.

ఫ్రిస్కో కొత్తగా వచ్చా:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. స్పిన్నింగ్ రీల్‌కి కూడా కింద మోనో వెయ్యాలా? నిన్నే 20 పౌండ్ల బ్రెయిడ్ చుట్టించాను.